రెండో బేసు దాటరాదు

జూలై పద్నాలుగో తేదీ మంగళవారం ఉదయం పది గంటలకు సమావేశమైన ఓల్నీ బెండ్ పురపాలక సంఘం, మురుగుకాలువల మరమ్మతు అంశాన్ని నాలుగోసారి వాయిదా వేసి, కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది: “ఈ ఊరి బేస్‌బాల్ జట్టులో ఆటగాడైన శ్రీ ఎమిల్ స్ట్రోబెల్, ప్రస్తుత సీజన్ ముగియువరకు, బంతిని ఎంత దూరము కొట్టినప్పటికీ, రెండో బేసు దాటి ముందుకు పోరాదు.”

తీర్మానం నకలును ఒక గుమాస్తా మైదానానికి పట్టుకెళ్ళి ఎమిల్ చేతికిచ్చాడు. ఎమిల్ అప్పుడు బూట్ల అడుగున పేరుకున్న మట్టిని పుల్లతో గీకుతున్నాడు. కాగితాన్ని రెండుసార్లు చదివి, “మరి మొదటి బేసు దగ్గర ఆగిపోవచ్చా?” అని అడిగాడు. తీర్మానంలో ఆ ప్రస్తావన లేదనీ, అయితే ప్రజల మనోభావాలు దెబ్బతినే ప్రమాదం ఉందనీ గుమాస్తా వివరించి వెళ్ళిపోయాడు.

దీనంతటికీ మూలం వాన. జూలై మొదట్లో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి ఆటలు ఆగిపోవడంతో ఊరి వారపత్రికలో ఒక పేజీ ఖాళీ పడింది. పత్రికా సంపాదకులు లూషియస్ పెటిబోన్ గారే ఊళ్ళో జరిగే ఆటలకు అధికారిక స్కోరరు కూడా. పేజీ నింపక తప్పదు గనక ఆయన స్కోరు పుస్తకాలు ముందేసుకుని, అంతవరకు ఎవరూ కూడని అంకెలు కూడడం మొదలుపెట్టారు. సాయంత్రానికల్లా ఒక మహత్తర సత్యం బయటపడింది. ముస్కోడా వ్యాలీ లీగ్‌లో ఈ ఏడు డబుల్స్ కొట్టినవారిలో అగ్రగణ్యుడు ఎమిల్ స్ట్రోబెల్. సగం సీజన్‌కే ముప్పై నాలుగు. లీగ్ రికార్డు అరవై రెండు. పందొమ్మిదేళ్ళ క్రితం దాన్ని నెలకొల్పినవాడు, చెప్పుకోవడానికే సిగ్గుచేటు, పొరుగూరు వెస్ట్ గారెట్ వాడు.

బంతిని కొట్టి మొదటి బేసు చేరితే సింగిల్, రెండోది చేరితే డబుల్, మూడోది చేరితే ట్రిపుల్, మూడూ చుట్టి బయలుదేరిన చోటికే వచ్చేస్తే హోమ్‌రన్. ఇది ఓల్నీ బెండ్‌లో ఉగ్గుపాలతో నేర్చుకునే పాఠం. సామాన్యంగా మనుషులు లెక్కపెట్టేది హోమ్‌రన్లనే. డబుల్స్ పట్టికను పత్రికలో అజీర్తి మందు ప్రకటన కింద వేస్తారు. ఎమిల్ మాత్రం డబుల్స్ కోసమే పుట్టినవాడిలా ఉండేవాడు. వయసు ముప్పై మూడు. పదకొండేళ్ళ ఆటలో ఒక్క హోమ్‌రన్ కూడా లేదు, అంత కండ లేదు. బంతిని నేలబారుగా ఇద్దరు ఫీల్డర్ల మధ్య ఖాళీలోకి తోలడం, తలవంచుకుని పరుగెత్తడం మాత్రం వచ్చు. పెటిబోన్ గారు వార్త చెప్పినప్పుడు ఎమిల్, “ముప్పై నాలుగా? ఓ ఇరవై ఉంటాయనుకున్నానండీ” అని, తింటున్న రొట్టెముక్కకు ఇంకాస్త ఆవముద్ద రాసుకున్నాడు.

ఊరు అంత తేలిగ్గా తీసుకోలేదు. మేయరు హోరస్ క్వాకెన్‌బుష్ గారు మైదానంలో మహాసభ ఏర్పాటు చేశారు. దోసకాయలను వెనిగర్‌లో ఊరబెట్టి సీసాలకెత్తే ఫ్యాక్టరీ ఆయనదే, బేస్‌బాల్ జట్టూ ఆయనదే. జట్టు పేరు ‘పిక్లర్స్’ కావడంలో ఆశ్చర్యం లేదు.

“సోదర సోదరీమణులారా!” అన్నారు మేయరు గారు. “జనాభాలో మనం ఈ జిల్లాలో రెండోవాళ్ళం. ఊరగాయల్లో రాష్ట్రంలో రెండోవాళ్ళం. మనకు రావలసిన జిల్లా కోర్టు రెండంటే రెండు ఓట్ల తేడాతో వెస్ట్ గారెట్‌కి పోయింది. మనల్ని చూసి నవ్వారు. నవ్వనివ్వండి! నేటి నుంచి రెండులో మనమే మొదటివాళ్ళం!”

చప్పట్లు చాలాసేపు మోగాయి. చలికాలం నుంచి ఫ్యాక్టరీలో సగం మందికి పని లేదు గనక చప్పట్లకు కావలసినంత తీరిక ఉంది.

ఆ తర్వాత ఊరి అభివృద్ధిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. రైల్వే స్టేషనులో ‘డబుల్స్ రాజధానికి స్వాగతం’ అన్న బోర్డు వెలిసింది. పాత ఊరగాయనే పాత సీసాలో పోసి ‘డబుల్ పులుపు’ అని కొత్త చీటీ అంటించారు. బడిపిల్లలు రెండో ఎక్కం దగ్గరే ఆగిపోయారు. చర్చిలో పాస్టరు గారు నోవహు ఓడలోకి జంతువులు జంటలు జంటలుగా ఎందుకు ఎక్కాయో వరసగా ఐదు ఆదివారాలు విడమర్చి చెప్పారు. బ్యాండువారు జాతీయగీతాన్ని రెండుసార్లు వాయించడం మొదలుపెట్టగా, రెండోసారి కూడా లేచి నిలబడాలా వద్దా అన్న సందేహంతో ఒక ముసలాయన మధ్యస్థంగా వంగి ఉండిపోయి నడుం పట్టేయించుకున్నాడు. కవల పిల్లలకు ముందు వరసలో ఉచిత ప్రవేశమని ప్రకటించారు. విచారించగా ఊళ్ళో ఉన్న కవలలు ఒకే ఒక జంట అని తేలింది: అరవయ్యో పడిలో ఉన్న మిస్ అగాథా ప్రూట్, మిస్ ఆగస్టా ప్రూట్. ఒక లేసు పరుపుదుప్పటి విషయంలో ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఊరి గౌరవం దృష్ట్యా వాళ్ళిద్దరినీ ప్రతి ఆటకూ పక్కపక్కనే కూర్చోబెట్టారు.

అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు తాడు. ఎడమవైపు ఫీల్డు చివర ఒక తాడు కట్టి, దాని వెనక గడ్డిమోపుల మీద జనాన్ని కూర్చోబెట్టారు. బంతి తాడు దాటి జనంలో పడితే నిబంధన ప్రకారం అది డబుల్. నిబంధన రెండు జట్లకూ సమానమే. ఎమిల్ బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడు మాత్రం ఆ తాడు, జనంతో, గడ్డిమోపులతో సహా ఇరవై అడుగులు ముందుకు నడిచేది. అవతలి జట్టు వంతు వచ్చినప్పుడు వెనక్కి వెళ్ళిపోయేది. పిలవకుండానే వచ్చి, చెప్పకుండానే పోయే ఆ తాడుకున్న పౌరస్పృహ పురపాలక సభ్యులు కొందరిలో కూడా కనిపించలేదు.

చిక్కల్లా ఎమిల్ కొట్టే దెబ్బల్లో కొన్ని తాడుకేసి పోకపోవడం. ఆగస్టు మొదట్లో ఒకటి మైదానం దాటి వాగు గట్టు దాకా దొర్లింది. ఎమిల్ అలవాటు కొద్దీ మూడో బేసుకి దాదాపు చేరిపోయాడు. జనం ఘొల్లుమన్నారు. తీర్మానం గుర్తొచ్చి బిక్కచచ్చి, వెనక్కి తిరిగి రెండో బేసుకి పరుగెత్తాడు. ఆటలో వెనక్కి పరుగెత్తినవాడికి అంత జేజేలు ఎక్కడా పలికి ఉండరు. అవతలి జట్టు మూడో బేసు ఆటగాడు నోరు తెరిచి చూసి, “ఒంట్లో బాగాలేదా బాబూ?” అని నిజంగానే జాలిగా అడిగాడు.

ఆ ఆటను పిక్లర్స్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతిదీ అంతే. ఎమిల్ రెండో బేసు మీద నిలబడి టోపీ ఊపడం, తర్వాతివాడు అవుటైపోవడం, అందరూ సంతోషంగా ఇళ్ళకు వెళ్ళడం రివాజైంది.

సంతోషించనివాడు ఒక్కడున్నాడు. ఆంబ్రోస్ టలీ. జట్టులో బంతి విసిరేవాడు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. పదిహేనేళ్ళుగా ఈ లీగ్‌లోనే విసిరి విసిరి భుజం అరిగిపోయింది. ఊళ్ళు తిరిగేటప్పుడు ఎమిల్‌దీ అతనిదీ ఒకే గది. ఒక మధ్యాహ్నం రైల్లో, ఎదురు సీట్లో కూర్చుని భుజానికి నొప్పుల నూనె పట్టిస్తూ మాట కదిపాడు.

“ఒరేయ్ ఎమిల్, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నేను తొమ్మిది ఇన్నింగ్సులూ చెయ్యి ఊడిపోయేలా విసురుతున్నాను. నువ్వు అక్కడ నిలబడి టోపీ ఊపుతున్నావు. ఎవడికిరా ఊపుతున్నావు?”

“తీర్మానం చేశారు కదరా.”

“నీ కాళ్ళు ఎవరివిరా? పురపాలక సంఘానివా?”

ఎమిల్ కిటికీలోంచి మొక్కజొన్న చేలకేసి చూశాడు. “మేయరు గారు ఇంటికొచ్చారు. రికార్డు కొడితే ఫ్యాక్టరీలో జీవితాంతం ఉద్యోగమట. పీపాల విభాగం పర్యవేక్షకుడు. ఊళ్ళో పని ఉన్నవాడెవడు చెప్పు? ఇంకో రెండేళ్ళకి నన్ను జట్టులో ఎవరు ఉంచుకుంటారు?”

ఆంబ్రోస్ నూనె సీసా పక్కన పెట్టాడు. “నిజమే,” అన్నాడు. “నా మాట పట్టించుకోకు. పదిహేనేళ్ళలో ఒక్కసారైనా గెలిచిన జట్టులో ఉండాలని చిన్న ఆశ. అంతే. ఈ చెయ్యి వచ్చే ఏడు లేవదు.”

ఎమిల్ లేచి, సీసా అందుకుని, ఆంబ్రోస్ చేతికి అందని వీపు వైపున నూనె తనే రాశాడు. ఆ రోజు నుంచి టోపీ ఊపడం మానేశాడు. దీనిమీద పెటిబోన్ గారు పత్రికలో విచారం వ్యక్తం చేశారు.

ఇంతా చేసి సెప్టెంబరులో ఆఖరి ఆట రోజుకి ఎమిల్ డబుల్స్ సరిగ్గా అరవై రెండు. ఆంబ్రోస్ చెయ్యి పుణ్యమా అని జట్టు కూడా వెస్ట్ గారెట్‌తో సమంగా నిలిచింది. ఆ రెండు జట్ల మధ్యే ఆఖరి ఆట, గెలిచినవాళ్ళది కప్పు. కప్పు సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. అందరూ వచ్చింది అరవై మూడు చూడటానికి.

తొమ్మిదో ఇన్నింగ్సు చివరికి వెస్ట్ గారెట్ నాలుగు, పిక్లర్స్ మూడు. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు కూడా అవుటైతే ఆట అయిపోయినట్టే. మొదటి బేసు మీద ఒకడున్నాడు. ఎమిల్ బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఎడమవైపు తాడు ఈసారి నలభై అడుగులు నడిచి ముందుకొచ్చింది. మేయరు గారు ఇనప బాకా చేతబట్టి లేచి నిలబడ్డారు. ఎమిల్ తర్వాత ఆడవలసింది ఆంబ్రోస్. అతను పక్కన నిలబడి, ఎడమచేత్తో బ్యాటును చేతికర్రలా నేలకు ఆనించుకున్నాడు. కుడిచెయ్యి పొట్టకు అదుముకుని ఉంది. అది ఇక విప్పుకోదని దూరం నుంచే తెలుస్తోంది.

రెండో బంతిని ఎమిల్ కొట్టాడు. అది తాడు వైపు కాక కుడివైపు ఖాళీలోకి దూసుకుపోయి, అక్కడ ప్రచారార్థం వరసగా పేర్చిన క్వాకెన్‌బుష్ ఊరగాయ పీపాల మధ్యకి దొర్లి మాయమైంది. వెస్ట్ గారెట్ కుడివైపు ఫీల్డరు వర్జిల్ మేప్స్ పీపాల మధ్య మోకాళ్ళ మీద పాకుతూ బంతిని వెతికాడు. ముందున్నవాడు బేసులు చుట్టి వచ్చేశాడు, ఒక పరుగు. నాలుగు, నాలుగు. ఎమిల్ రెండో బేసు తొక్కాడు.

“ఆగూ!” అన్నారు మేయరు గారు బాకాలో. “ఆగూ!” అన్నారు రెండువేలమంది. బ్యాండు రాజ్యాభిషేకపు వాద్యం ఎత్తుకుంది.

ఆగితే రికార్డు, ఉద్యోగం. ఆట సమం. ఆ తర్వాత ఆంబ్రోస్ లేవని చేత్తో బ్యాటు ఊపాలి, అవుటవ్వాలి, అదనపు ఇన్నింగ్సులో మళ్ళీ వెళ్ళి బంతి విసరాలి. ఎమిల్ ఇవన్నీ ఆలోచించాడని చెప్పడం అబద్ధం. అతను తల తిప్పి ఆంబ్రోస్‌ను చూశాడు. ఆంబ్రోస్ ఏమీ సైగ చెయ్యలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు, స్నేహితుణ్ణి ఇబ్బంది పెట్టకూడదని. అది చూశాక ఎమిల్ కాళ్ళు ఆగలేదు. మూడో బేసు దగ్గర జట్టు మేనేజరు రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడ్డాడు. ఎమిల్ అతని చంకకింద నుంచి దూరిపోయాడు. చివరి పది గజాలూ నోరు తెరుచుకుని పరుగెత్తి, దుమ్ములో బోర్లా జారి, బయలుదేరిన చోటనున్న హోమ్ ప్లేటును అరచేత్తో తాకాడు. బంతి ఇంకా పీపాల్లోనే ఉంది.

ఐదు, నాలుగు. ఓల్నీ బెండ్ చరిత్రలో తొలిసారి ఊరు లీగ్ విజేత అయింది.

మైదానం చావు ఇంటిలా అయిపోయింది. బ్యాండు మధ్యలో ఆగింది. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలో మిస్ అగాథా ప్రూట్, “వెధవ,” అంది. “పచ్చి వెధవ,” అంది మిస్ ఆగస్టా. ఇరవై ఏళ్ళలో ఆ అక్కచెల్లెళ్ళకు కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది. తర్వాత ఈలలు, తిట్లు, సగం కొరికిన మొక్కజొన్న పొత్తులు వచ్చిపడ్డాయి. వాటి మధ్య ఆంబ్రోస్ వచ్చి ఒంటిచేత్తో ఎమిల్‌ని లేవదీసి గుండెకు హత్తుకున్నాడు. “పిచ్చోడా,” అన్నాడు, “పిచ్చోడా, పిచ్చోడా.” ఇద్దరి మీదా పొత్తులు పడుతూనే ఉన్నాయి.

అయితే సమర్థులైన పాలకులున్న ఊరికి ఏ ఆపదా శాశ్వతం కాదు. మేయరు గారు స్కోరరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అరగంట తర్వాత పెటిబోన్ గారు బయటికొచ్చి అధికారికంగా ప్రకటించారు. ఎమిల్ కొట్టినది డబుల్. మిగతా రెండు బేసులూ ఫీల్డరు వర్జిల్ మేప్స్ బంతిని జారవిడిచిన తప్పిదం వల్ల వచ్చినవి. వెరసి డబుల్స్ అరవై మూడు. ఆగిన బ్యాండు మళ్ళీ మోగింది.

మర్నాడు పొద్దున్నే వర్జిల్ మేప్స్ ఎమిల్ గుమ్మంలో నిలబడ్డాడు. “మావాళ్ళు కప్పు నావల్లే పోయిందంటున్నారు. వచ్చే ఏడు రావద్దన్నారు,” అన్నాడు. “నేను ఆ బంతిని ముట్టుకోనే లేదన్నా. ముట్టుకోనిదాన్ని ఎలా జారవిడుస్తాను?”

ఎమిల్ టోపీ పెట్టుకుని పత్రికాఫీసుకి వెళ్ళాడు.

“అది హోమ్‌రన్ అండీ, పెటిబోన్ గారూ. నా మొదటిది. ఆ కుర్రాడిది తప్పేమీ లేదు.”

“చూడు నాయనా,” అన్నారు పెటిబోన్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, “నువ్వు డబుల్స్ మనిషివి. నువ్వు హోమ్‌రన్ కొట్టావంటే ఎవరు నమ్ముతారు? నీ పేరే పాడవుతుంది.”

“మీరు చూశారు కదండీ?”

“నేను స్కోరరుని. చూడటం ప్రేక్షకుల పని.”

ఎమిల్ వంకరటింకర అక్షరాలతో లీగ్ కార్యాలయానికి ఉత్తరం రాశాడు. సంగతి తెలిసి మేయరు గారు దానికి విరుగుడుగా ఒక ప్రజా వాంగ్మూలం తయారు చేయించారు: “శ్రీ స్ట్రోబెల్ రెండో బేసు వద్ద స్పష్టముగా ఆగి, టోపీ తీసి, ప్రజలకు అభివాదము చేసి, పిమ్మట ఫీల్డరు తప్పిదమును గమనించి, తొందరలేకుండా బయలుదేరెను. దీనిని మేము కళ్ళారా చూచితిమి.” దీనిమీద మూడువేల నూటపదకొండు మంది సంతకాలు చేశారు. మైదానంలో పట్టేది రెండువేలమంది. ఆ రోజు ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతున్న ఇద్దరూ, ఆగస్టులోనే కాలం చేసిన ఒకరూ కూడా చూశారు.

సంతకాల పుస్తకం ఎమిల్ ఇంటికీ వచ్చింది. సాయంత్రం భోజనాల వేళ మేయరు గారే స్వయంగా తెచ్చి, ఉద్యోగపు ఉత్తర్వు పక్కన పెట్టి, రెండింటినీ కలిపి ఆలోచించుకోమని చెప్పి వెళ్ళారు. ఎమిల్ భార్య హెట్టీ తొమ్మిదేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలోనే సీసాలు నింపుతోంది. ఎంత తోమినా వేళ్ళకు వెనిగర్ వాసన పోదు. ఆమె వేయించిన చేపముక్కలు వడ్డించి, పుస్తకాన్ని పళ్ళెం కింద నుంచి లాగి, పేజీలు తిప్పింది.

“మీ అన్నయ్య కూడా పెట్టాడు,” అంది.

“ఊఁ.”

“నీకు ఉద్యోగం కావాలా?”

“కావాలి,” అన్నాడు ఎమిల్. “చాలా కావాలి.”

హెట్టీ మరో పేజీ తిప్పింది. “ఆ రోజు నేను నిలబడి చూశాను, తెలుసా? అందరూ ఆగమని అరుస్తుంటే నేనూ అరిచాను. నువ్వు మూడో బేసు తిరిగేసరికి అరవడం మరిచిపోయాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నీ మొహం అలా వెలగడం చూళ్ళేదు.” పుస్తకం మూసింది. “సిరా అయిపోయిందని చెబుదాం.”

“ఆయన కలం తెస్తాడు.”

“అయితే సామాన్లు సర్దుకుందాం.”

లీగ్ కార్యదర్శి గారి నిర్ణయం అక్టోబరులో వెలువడింది. మూడువేలమంది ఒక మాట, ఒక్కడు ఒక మాట చెబుతున్నప్పుడు సత్యం ఎటుందో గుర్తించడానికి కార్యాలయానికి ఏ ఇబ్బందీ కలగలేదనీ, రికార్డు అరవై మూడుగా ధ్రువీకరిస్తున్నామనీ, ఇంతటి ఘనత సాధించిన శ్రీ స్ట్రోబెల్ తన ఘనతకు తానే అడ్డుపడటం విచారకరమనీ అందులో ఉంది.

అప్పటికి ఎమిల్, హెట్టీ నలభై మైళ్ళ అవతల ఆంబ్రోస్ సొంత ఊళ్ళో కాపురం పెట్టారు. ఎమిల్ పాల బండి తోలేవాడు. పొద్దున్నే లేవాలి, జీతం తక్కువ. హెట్టీ వేళ్ళకు వెనిగర్ వాసన క్రిస్మస్‌కల్లా పోయింది. ఆంబ్రోస్ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు గాని, లీగ్ విజేతనన్న సంగతి ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఎమిల్ కొట్టిన బంతి ఇంకాస్త దూరం పోయేది. వర్జిల్ మేప్స్ ఒకసారి వచ్చి భోంచేసి వెళ్ళాడు. ఎక్కడో కట్టెల కోతమిల్లులో పని దొరికిందన్నాడు.

ఓల్నీ బెండ్ మాత్రం కృతజ్ఞత మరిచే ఊరు కాదు. ఏటా సెప్టెంబరులో ‘డబుల్ దినోత్సవం’ జరపసాగింది. తొలి ఏడు ఎమిల్‌ని పిలుద్దామని ఎవరో అన్నారు గాని, అతనికి నిజం చెప్పే అలవాటు ఉండటం వల్ల సభామర్యాద దెబ్బతింటుందని విరమించారు. ఆనాటి అతని ఆటను ఆడి చూపడానికి చెప్పుల దుకాణంలో పనిచేసే ఒక పొడగరిని ఎంపిక చేశారు. ఇతను రూపంలో ఎమిల్ కన్నా బాగుంటాడు.

ఉత్సవాల తొమ్మిదో ఏడు ఏదో పనిమీద అటుకేసి వచ్చిన ఎమిల్, టికెట్టు కొనుక్కుని వెనక వరసలో కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, కొత్త కళ్ళజోడు, ఎవరూ గుర్తుపట్టలేదు. చెప్పుల దుకాణం అతను బంతి కొట్టాడు. మొదటి బేసు దాటాడు. రెండో బేసు దగ్గర స్పష్టంగా ఆగాడు. టోపీ తీసి అభివాదం చేశాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. చూస్తూ చూస్తూ ఎమిల్ కూడా చప్పట్లు కొట్టాడు. ఆగడం నిజంగానే బాగా ఆగాడు మరి.

పక్కన వేరుశనగలు వలుస్తున్న యువకుడు ఉబ్బితబ్బిబ్బై మోచేత్తో పొడిచాడు. “ఎలా ఆగాడో చూశావా బాబాయ్? అలాంటి మనుషులు ఇప్పుడు పుడతారా?”

“అతను ఆగలేదు బాబూ,” అన్నాడు ఎమిల్ మెల్లగా. “ఆ రోజు హోమ్ దాకా పరుగెత్తాడు.”

యువకుడు వలవడం ఆపి ఎగాదిగా చూశాడు. “నువ్వేమైనా ఉన్నావేంటి ఆ రోజు?”

“ఉన్నాను.”

“మా నాన్నా ఉన్నాడు. వాంగ్మూలంలో సంతకం కూడా పెట్టాడు. నువ్వు పెట్టావా?”

“లేదు.”

“మరి?” అన్నాడు యువకుడు, వాదన ముగిసినట్టు వేరుశనగ పొట్టు ఊదేసుకుంటూ. “సంతకమే పెట్టనోడివి, నీకేం తెలుసు?”